కేడెట్ పైలట్‌కి (ఎయిర్‌లైన్ కోసం పైలట్‌గా తయారుచేసే శిక్షణకి) అప్లై చేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

– ఫీజు కట్టకముందే మెడికల్. డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) వారి క్లాస్ 2 ఆరోగ్య పరీక్ష, ఆ తర్వాత క్లాస్ 1. ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తెచ్చాక, రంగు చుక్కల మధ్య దాగిన అంకె కనిపించలేదంటే (చాలామందికి తమకు కలర్ బ్లైండ్‌నెస్ ఉన్నట్టు అప్పుడే తెలుస్తుంది) ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం.

– ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్నాయా? బైపీసీ వాళ్లు ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్)లో మ్యాథ్స్ విడిగా రాసుకోవచ్చు, కానీ మెమో చేతికొచ్చేసరికి గడువు దాటిపోవచ్చు.

– పదో తరగతి మెమోలో, పాస్‌పోర్టులో పేరు ఒకేలా ఉండాలి. మన ఇంటిపేర్లతో ఇదో తలనొప్పి, ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా.

– అగ్రిమెంట్‌లో ఉద్యోగం గ్యారంటీనా, షరతులున్నాయా? "సర్ చెప్పారు" అంటే కుదరదు, కాగితం మీద ఉండాలి.

– ఇంటర్వ్యూలో చిన్నప్పటి కల గురించి అందరూ చెప్తారు. ఇండిగోకి వెళ్తూ ఎ320 జెట్‌కీ ఏటీఆర్ ప్రొపెల్లర్ విమానానికీ తేడా తెలియకపోతే మాత్రం దొరికిపోతారు.

– గ్రూప్ టాస్క్‌లో పక్కవాళ్ల మాటకి అడ్డం పడొద్దు. కాక్‌పిట్‌లో మీ పక్కన ఇంకొకరు ఉంటారు, సెలెక్ట్ చేసేవాళ్లు చూసేది అదే.