పల్లెలో వేసవి శిబిరం మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

బడులకు సెలవులు ఇవ్వగానే గ్రామాల్లో యువజన సంఘాలు, గ్రంథాలయాలు పిల్లలకు ఆటలు, ఈత, చేతిపనులు నేర్పేందుకు సిద్ధమవుతాయి. బ్యానరు అచ్చు వేయించడం కన్నా ముందు నిర్వాహకులు ఈ కింది విషయాలు తేల్చుకోవాలి.

• ఈత నేర్పదలచిన చెరువులో మట్టి తవ్విన గుంతలు నీటి కింద కనబడవు గనుక, లోతు తెలిసిన ఊరివారితో ముందే కొలిపించి, హద్దుగా తాడు కట్టించి, ఈత బాగా వచ్చిన పెద్దలను ఒడ్డున ఉంచాలి. మునుగుతున్నవాడికోసం ఈత రాని స్నేహితుడు దూకితే ఇద్దరి ప్రాణాలూ పోతాయి కాబట్టి, తాడు గాని గాలి నింపిన ట్యూబు గాని విసరడం మొదటి రోజే నేర్పాలి. ఈ ఏర్పాటు కుదరకపోతే ఈతను కార్యక్రమం నుంచి తీసివేయడమే ఉత్తమం.

• మైదానంలో ఆటలు ఉదయం తొమ్మిదిలోపే ముగించి, ఎండ వేళ చదరంగం, పుస్తక పఠనం, కుట్టుపని వంటివి నీడలో పెట్టాలి.

• ఒక లీటరుకు ఉద్దేశించిన ఓఆర్ఎస్ ప్యాకెట్టును మొత్తం ఒక లీటరు నీటిలోనే కలపాలి; గ్లాసుల్లో అంచనాగా కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి.

• మే నెల సాయంత్రాల్లో పిడుగులు సాధారణం కనుక, ఉరుము వినబడగానే ఆట ఆపి, పిల్లలను చెట్ల కిందికి కాక పక్కా భవనంలోకి పంపి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగాలి.

• పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో ఉందో ముందే విచారించుకోవాలి. అప్పటికప్పుడు 108కి ఫోన్ చేయాలే తప్ప, కట్టు బిగించడం, గాటు పెట్టడం హానికరం.