విరిగిన నాబ్ కోసం మెషిన్ పారేయాలా?

వాషింగ్ మెషిన్ టైమర్ నాబ్ విరిగింది. ఆ మోడల్‌కి స్పేర్లు రావట్లేదు, ప్యానెల్ మొత్తం మార్చాలన్నాడు మెకానిక్. మోటారు దివ్యంగా తిరుగుతోంది, బొటనవేలంత ప్లాస్టిక్ ముక్కకి ఇంత తతంగమా!

వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే నాబ్ ఎక్కే షాఫ్ట్ (కడ్డీ) 6 మి.మీ., ఒకవైపు చదును. డిజైన్ గీసి, ప్లాస్టిక్‌ని పొర మీద పొరగా పేర్చే త్రీడీ ప్రింటర్‌లో పీఎల్ఏ అనే రకం ప్లాస్టిక్‌తో తీశాను. బిగుతైంది, ప్రింట్‌లో రంధ్రాలు కాస్త చిన్నగానే వస్తాయి. 0.2 మి.మీ. పెంచాను. ఎక్కింది గానీ, తిప్పగానే కాడ పొరల మధ్య పుటుక్కున విరిగింది. నిలువుగా ప్రింట్ చేస్తే పొరలు కాడకి అడ్డంగా పడతాయి, అది నా తప్పే. పడుకోబెట్టి, ఈసారి వేడిని ఇంకాస్త తట్టుకునే పీఈటీజీ అనే ప్లాస్టిక్‌తో తీశాను. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, వేడినీళ్ల మెషిన్ మీద దాన్ని నమ్మలేం.

ఆర్నెల్లయింది, నాబ్ గట్టిగానే ఉంది. ఫైల్‌ని కొలతలతో సహా ఆన్‌లైన్‌లో పెట్టేశాను.