ఎలుకలకి ఏ బోను ఎక్కడ పెట్టాలి

ఇంట్లో ఎలుకలు పడ్డాయనగానే కొట్టుకెళ్లి ఏది కనిపిస్తే అది కొనుక్కొచ్చేస్తాం కదా, అలా కొనకండి, ముందు పడింది ఏంటో చూడండి. డబ్బాల వెనక పెంటికలు బియ్యపుగింజంత ఉంటే చిట్టెలుక, అర అంగుళం పైన ఉంటే పెద్ద ఎలుక, పెరట్లో గోడ వారన గుల్లగా మట్టి తవ్విపోసి ఉంటే పందికొక్కు (ఇంగ్లీషు వాళ్ళ బ్యాండికూట్ అన్న మాట మన పందికొక్కు నుంచి పుట్టిందే). మూతి పొడుగ్గా ఉండి కిచకిచమంటూ గోడ పక్కన పరిగెత్తేది, కంపు కొట్టేది చుంచు, అది తినేది ఎక్కువగా బొద్దింకల్ని, పురుగుల్ని, తలుపు తీసి బయటికి తోలేయండి చాలు.

అందరి ఇళ్ళల్లో ఉండేది ఇనుప జాలీ బోను. ఎర లాగగానే తలుపు పడిపోతుంది, పిల్లలున్న ఇంటికి ఇదే సేఫ్, వేళ్ళు నలగవు. ఒక్కటే ఇబ్బంది, పడ్డాక ఏం చెయ్యాలి అనేది. సందు చివర వదిలితే మళ్ళీ ఇంటికే వస్తుంది, లేదంటే పక్కింటికి పోతుంది. చాలామంది బోనుని బకెట్లో ముంచేస్తారు, నేను కూడా ఒకసారి ముంచాను, ఆ జాలీ పట్టుకుని అది పైకి మూతి పెట్టి కొట్టుకుంటుంటే చూడలేకపోయాను, ఆ తర్వాత ఇంక ఎప్పుడూ ఆ పని చెయ్యలేదు. చంపక తప్పదు అనుకుంటే చెక్క మీద స్ప్రింగు ఉండే బోను మేలు, సరిగ్గా పడితే మెడ మీద పడి క్షణంలో అయిపోతుంది. కానీ చిట్టెలుకకి చిన్నది, పెద్దదానికి పెద్దది కొనాలి, చిన్న బోనులో పెద్ద ఎలుక పడితే చావదు, కాలో తోకో నలిగి బోనుని ఈడ్చుకుంటూ అటక మీదకి పోతుంది.

గమ్ ప్యాడ్ మాత్రం కొనకండి, బతిమాలి చెప్తున్నా. అట్ట మీద జిగురు పూసి అమ్మేది. మా వంటింటి కిటికీ దగ్గర ఒకటి పెడితే పొద్దున్నే చూసేసరికి ఉడతపిల్ల అతుక్కుని ఉంది, ఒక చెంప మొత్తం జిగురులో ఉంది, కన్ను మాత్రం కదులుతోంది. వంటనూనె రాసి గంటసేపు మెల్లగా విడదీశాం, అయినా బతకలేదు. జంతు సంక్షేమ బోర్డు కూడా వీటిని ఆపమని రాష్ట్రాలకి రాసింది, అయినా చాలాచోట్ల దొరుకుతూనే ఉన్నాయి.

ఏ బోనైనా పడేది లేనిది పెట్టే చోటుని బట్టి ఉంటుంది. ఎలుక గది మధ్యలో నడవదు, గోడకి మీసాలు ఆనించుకుంటూ పోతుంది, రోజూ అదే దారి, అక్కడ గోడ మీద నల్లగా జిడ్డు మరక కనిపిస్తుంది. చెక్క బోను అయితే ఎర ఉన్న వైపు గోడకి తగిలేలా అడ్డంగా పెట్టాలి. కొత్త వస్తువంటే పెద్ద ఎలుకకి అనుమానం ఎక్కువ, అందుకే మొదటి రెండు మూడు రాత్రులు బోను బిగించకుండా ఎర మాత్రం పెట్టి ఊరికే ఉంచండి, తినడం అలవాటయ్యాక అప్పుడు బిగించండి. ఎరకి ఎండురొయ్య, కాల్చిన కొబ్బరి ముక్క, ఉల్లి పకోడి, ఏదైనా వాసన రావాలి, ఇంకా ఊరికే లాక్కుపోకుండా దారంతో కట్టెయ్యాలి. ఒక్క బోనుతో సరిపెట్టకండి, నాలుగైదు ఒకేసారి పెడితేనే పని అవుతుంది, ఎందుకంటే మూడు వారాలకే మళ్ళీ ఈనేస్తుంది.

వరి చేలల్లో ఈ బోన్లు పనిచెయ్యవు, అక్కడ బుట్టలే. గోదావరి జిల్లాల్లో బుట్టలు పెట్టేవాళ్ళు సాయంత్రం గట్ల వెంబడి కన్నాల దగ్గర పెట్టి పొద్దున్నే ఏరుకుంటారు, ఎలుకకి ఇంత అని లెక్క. వెదురు బద్ద వంచి బిగించి ఉంటుంది, ఎర ముట్టగానే బద్ద లేచి పట్టేస్తుంది. వరి పొట్ట దశకి (కంకి బయటికి రాకుండా ఇంకా కాండంలోనే ఉండే దశ) ముందే పెట్టించాలి, ఆ తర్వాత చేలో తిండి దొరుకుతుంది కాబట్టి ఎర వైపు చూడదు.

చేలోకి వచ్చే అడవి పందుల కోసం ఉచ్చులు, కరెంటు తీగలు మాత్రం పెట్టొద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది, అది ఒకటి, ఆ తీగలకి రాత్రిపూట చేలోకెళ్ళిన మనుషులే చనిపోతున్నారు. పెద్ద జంతువు వస్తే ఫారెస్ట్ వాళ్ళకి ఫోన్ చెయ్యండి, 2023లో తిరుమల నడకదారిలో చిరుతలకి బోన్లు పెట్టి పట్టింది వాళ్ళే.

చచ్చిన ఎలుకని ఉత్త చేతులతో ముట్టుకోకండి, దాని మూత్రంతో ఎలుక జ్వరం వస్తుంది. చేతికి కవరు తొడుక్కుని తీసి లోతుగా పూడ్చేసి, బోనుని వేడినీళ్ళతో కడిగి ఎండలో పెట్టండి. ఆ తర్వాత తలుపు కింద సందు, సింకు పైపు చుట్టూ ఉన్న కన్నం చూసుకోండి, చిటికెన వేలు పట్టేంత సందుంటే చిట్టెలుక దూరిపోతుంది. సిమెంటులో గాజుపెంకులు కలిపి పూడ్చండి, గుడ్డలు కుక్కితే ఒక్క రాత్రిలో కొరికేస్తుంది.