తొలకరికి ముందే ట్యాంకుతో పాటు పైపులైనూ చూసుకోండి

వానాకాలం వస్తోందంటే పంచాయతీ ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగించి, గోడ మీద తేదీ రాయిస్తుంది. మంచిదే. కానీ ఒకే వీధిలో నలుగురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయంటే తప్పు చాలాసార్లు ట్యాంకులో ఉండదు. ట్యాంకుకీ కుళాయికీ మధ్య పైపులో ఉంటుంది.

మన ఊళ్లలో నీళ్లు గంటో రెండు గంటలో వదులుతారు. వాల్వు కట్టేశాక పైపులో నీళ్లు పల్లానికి జారిపోతాయి. అప్పుడు పగులున్న చోటల్లా పైపు బయటి తడిని లోపలికి పీలుస్తుంది. ఎండాకాలంలో పగులు చుట్టూ ఉండేది మట్టి, వాన పడ్డాక అక్కడే మురుగు నిలుస్తుంది. లీకేజీ పాతదే, జబ్బు మాత్రం కొత్తగా వస్తుంది.

అందుకని వాటర్‌మన్‌ను వెంటబెట్టుకుని, నీళ్లు వదిలిన వేళ లైను వెంబడి ఒకసారి నడవండి. పైపు మురుగుకాలవను దాటే చోట్లు, వాల్వు గుంతలు, కారణం లేకుండా తడిసిన నేల కనిపిస్తే వానలకు ముందే రిపేరు చేయించాలి. ఇక ఇళ్ల ముందు కుళాయి గుంతలు. ప్రెషర్ చాలడం లేదని నేల తవ్వి కుళాయిని కాలవ కంటే కిందికి దించుకుంటాం. ఆ గుంత నిండి కుళాయి మూతి మునిగిందంటే మురుగుకు మనమే దారి ఇచ్చినట్టు. గుంత పూడ్చి, కుళాయిని గట్టు మీదికి ఎత్తించండి. కుళాయికి నేరుగా మోటారు బిగించినా ఇదే ప్రమాదం, లైనులోకి మురుగును ఇంకా గట్టిగా లాగుతుంది. చెబితే గొడవని అందరం ఊరుకుంటాం. మా వీధిలోనూ చాలాకాలం ఊరుకున్నాం.

బ్లీచింగ్ పౌడర్ వెయ్యి లీటర్లకు 4 గ్రాములతో మొదలుపెట్టవచ్చు. అంటే 40 వేల లీటర్ల ట్యాంకుకు 160 గ్రాములు. పొడిని నేరుగా ట్యాంకులో చల్లొద్దు. గ్లవుజులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లే పోయాలి. అరగంట ఆగి వదలాలి. తాజా పౌడర్‌లో క్లోరిన్ సుమారు 33 శాతం ఉంటుంది. మూట విప్పి వదిలేస్తే అది తగ్గిపోతుంది కాబట్టి నిరుడు మిగిలిన మూటను నమ్ముకోకండి.

మోతాదు సరిపోయిందా లేదా తేలేది లైను చివరి ఇంటి కుళాయి దగ్గర. అక్కడ క్లోరోస్కోపుతో (నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను రంగును బట్టి చూపే చిన్న పరికరం) చూస్తే లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రోజూ కనిపించేది ఒక్కసారిగా సున్నా అయితే దారిలో ఎక్కడో మురుగు కలుస్తోందని అనుమానించి పగులు వెతకాలి. నీళ్లే బురదగా ఉంటే మందంతా ఆ బురదకే ఖర్చవుతుంది.

ఇంట్లో మొదట వచ్చే నీళ్లు పారబోసి, రంగు తేరాకే బిందె పట్టండి. అనుమానంగా ఉంటే తెర్లేదాకా మరగబెట్టండి. మరగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. ఆ బెడద ఉన్న ఊళ్లకు వేరే దారి చూడాల్సిందే. ప్లాంటు నీళ్లు తాగేవాళ్లు క్యాను లోపల ఎప్పుడు కడిగారో చూసుకోండి. ఆ ఇళ్లలోనూ నోరు పుక్కిలించేది కుళాయి నీళ్లతోనే.

ఒకే వీధిలో రెండు మూడు ఇళ్లలో విరేచనాలు మొదలైతే పరీక్ష రిపోర్టు కోసం ఆగొద్దు. ఆ వీధి వాల్వు కట్టేయించి, ట్యాంకర్‌తో నీళ్లు తెప్పించి, ఆశా కార్యకర్తకు కబురు పెట్టండి. రోగికి వెంటనే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టండి.