ఎయిర్‌ఫ్లో టాస్క్ కదలట్లేదా? ముందు ఏ రంగులో ఆగిందో చూడండి

రాత్రి ముగియాల్సిన పైప్‌లైన్ పొద్దున తొమ్మిదైనా అవకపోతే టీములో వినిపించే మొదటి సలహా ఒకటే: "మెషిన్ సైజు పెంచేద్దాం." నేనూ పెంచి చూశాను. క్లౌడ్ బిల్లు పెరిగింది, టాస్కులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. పైప్‌లైన్లను వేళకి నడిపే అపాచీ ఎయిర్‌ఫ్లోలో, ఒక్కో టాస్క్‌ని ఒక గడిగా చూపే గ్రిడ్ స్క్రీన్‌లో గడి రంగు చూస్తే సగం సమస్య ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇక్కడ చెప్పే రంగులు, అంకెలు 2.x వెర్షన్ల డిఫాల్ట్‌లు. మీ టీములో ఎవరైనా మార్చి ఉండొచ్చు, ఒకసారి కాన్ఫిగ్ చూసుకోండి.

లేత గోధుమ రంగు: "షెడ్యూల్డ్"లో ఆగింది

షెడ్యూలర్ (ఏ టాస్క్ ఎప్పుడు నడవాలో తేల్చే ప్రాసెస్) టాస్క్‌ని చూసింది, కానీ పంపడానికి ఖాళీ లేదు. అడ్డుపడే పరిమితులు మూడు. ఒక షెడ్యూలర్ కింద ఒకేసారి నడిచేవి 32, ఒక డ్యాగ్‌లో (వరుస కట్టిన టాస్కుల పైప్‌లైన్) 16, డిఫాల్ట్ పూల్‌లో (టాస్కులు పంచుకునే కోటా) స్లాట్లు 128. ఈ మూడింటిలో ఏది ముందు నిండితే అక్కడే బండి ఆగుతుంది. పూల్‌ని 500 చేసి "అయినా కదలట్లేదు" అని తల పట్టుకునేవాళ్ళను చూశాను. డ్యాగ్‌కున్న 16 అలాగే ఉంటే పూల్ ఎంత పెంచినా లాభం లేదు. మూడూ చూశాకే ఏది పెంచాలో తేల్చుకోండి. అంతకంటే ముందు, ఆ స్లాట్లలో ఎవరు కూర్చున్నారో చూడండి. ఆ కథ కాస్త కిందకి వస్తుంది.

బూడిద రంగు: "క్యూడ్"లో ఆగింది

షెడ్యూలర్ తన పని చేసేసింది, టాస్క్‌ని అందుకుని నడపాల్సిన వర్కర్ అందుకోలేదు. టాస్కుల్ని వర్కర్లకి పంచడానికి సెలరీ వాడుతుంటే ఒక్కో వర్కర్ ఒకేసారి 16 టాస్కులు తీసుకుంటుంది. అవి నిండాయా, వర్కర్ అసలు బతికుందా, టాస్క్‌కి రాసిన క్యూ పేరునే వర్కర్ వింటోందా చూడండి. క్యూ పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా టాస్క్ అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. కుబర్నెటీస్ అయితే పాడ్ (టాస్క్ నడిచే కంటైనర్) పెండింగ్‌లో ఉందేమో చూడండి, కారణం దాని ఈవెంట్లలోనే రాసి ఉంటుంది.

లేత ఆకుపచ్చ: "రన్నింగ్" అంటుంది, పనేమీ జరగట్లేదు

నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. ఒకసారి మా డ్యాగ్‌లో ఫైల్ వచ్చిందా లేదా అని చూసే సెన్సార్లు సరిగ్గా పదహారు ఉండేవి. ఆ ఫైళ్ళను తయారుచేసే టాస్కులు కూడా అదే డ్యాగ్‌లో ఉన్నాయి. సెన్సార్లు ముందు వెళ్ళి పదహారు చోట్లూ పట్టేశాయి. టిఫిన్ హోటల్లో బల్లలన్నీ నిండి, వంటవాడు లోపలికి రావడానికే దారి లేనట్టు అయింది. ఎక్కడా ఎర్రర్ లేదు, ఎర్ర గడి లేదు. అందుకే ఎవరికీ అలర్ట్ రాలేదు, టెన్షన్ మాత్రం పొద్దున్నే వచ్చింది.

కారణం: సెన్సార్ డిఫాల్ట్‌గా "పోక్" మోడ్‌లో ఉంటుంది. నిమిషానికోసారి చూసి, మధ్యలో నిద్రపోతుంది, కానీ స్లాట్ వదలదు. దాని టైమ్‌అవుట్ డిఫాల్ట్‌గా 7 రోజులు. మనం పట్టించుకోకపోతే వారం దాకా అలాగే కూర్చుంటుంది.

పరిష్కారం: మోడ్‌ని "రీషెడ్యూల్"కి మార్చండి, చూసిన ప్రతిసారీ స్లాట్ వదిలేస్తుంది. టైమ్‌అవుట్‌ని గంటల్లోకి తగ్గించండి. 2.2 నుంచి డిఫరబుల్ ఆపరేటర్లు (ఎదురుచూసేటప్పుడు స్లాట్ వదిలేసే టాస్కులు) వచ్చాయి, అవి ఇంకా మేలు. ఒకటే మెలిక, వాటికి ట్రిగ్గరర్ అనే ప్రాసెస్ విడిగా నడుస్తూ ఉండాలి. అది లేకపోతే గడి ఊదా రంగులో ఉండిపోతుంది.

ఒక డ్యాగ్ కాదు, అన్నీ నిదానం

ఎయిర్‌ఫ్లో ప్రతి డ్యాగ్ ఫైల్‌ని దాదాపు 30 సెకన్లకోసారి మళ్ళీ చదువుతుంది. ఫైల్ పైభాగంలో, ఏ టాస్క్ లోపలా కాకుండా, డేటాబేస్ క్వెరీయో ఏపీఐ కాలో రాస్తే అది రోజంతా నడుస్తూనే ఉంటుంది. ఎయిర్‌ఫ్లో వేరియబుల్‌ని అక్కడే తెచ్చుకోవడం చూడటానికి అమాయకంగా ఉంటుంది, కానీ చదివిన ప్రతిసారీ ఎయిర్‌ఫ్లో తన వివరాలు దాచుకునే మెటాడేటా డేటాబేస్‌కి ఒక క్వెరీ పోతుంది. అలాంటివన్నీ టాస్క్ లోపలికి తోసేయండి. పాండాస్ లాంటి బరువైన ఇంపోర్ట్‌లు కూడా. ఏ ఫైల్ ఎంతసేపు తింటోందో "డ్యాగ్స్ రిపోర్ట్" కమాండ్ చెబుతుంది.

ఫైళ్ళు తేలికగానే ఉంటే మెటాడేటా డేటాబేస్ వైపు తిరగండి. పాత రన్లు వాటంతటవి పోవు. 2.3 నుంచి "డీబీ క్లీన్" కమాండ్ ఉంది, బ్యాకప్ తీసుకున్నాకే వాడండి.

కొత్త డ్యాగ్ ఆన్ చేసిన వెంటనే అంతా మొరాయిస్తే స్టార్ట్ డేట్ చూడండి. గంటకోసారి నడిచే డ్యాగ్‌కి ఏడాది కిందటి తేదీ ఇస్తే క్యాచప్ (గడిచిపోయిన రన్లన్నీ నడిపే సెట్టింగ్) 8,760 రన్లకి సిద్ధపడుతుంది. 3.0లో క్యాచప్ డిఫాల్ట్‌గా ఆఫ్ చేశారు, మంచి పని.

"పర్మిషన్ డినైడ్", 403, ఇంకా వాటి చుట్టాలు

ఇవన్నీ అనుమతి లేదని చెప్పే ఎర్రర్లు. ఇక్కడ రంగు ఎరుపే, కాబట్టి ప్రశ్న మార్చాలి: ఈ టాస్క్ ఎవరి పేరు మీద నడుస్తోంది? "నా లాప్‌టాప్‌లో నడుస్తోంది" అన్న మాట ఇక్కడ చెల్లదు, లాప్‌టాప్‌లో ఉన్నది మీ అకౌంట్, సర్వర్‌లో ఉన్నది వర్కర్ అకౌంట్. వర్కర్ లోపలికి వెళ్ళి "ఐడీ" కమాండ్ కొట్టండి. క్లౌడ్ అయితే అక్కడి నుంచే ఏ రోల్ వాడుతోందో అడగండి.

డాకర్ కంపోజ్‌తో లైనక్స్‌లో మొదలుపెట్టగానే లాగ్స్ ఫోల్డర్ దగ్గర పడిపోతే, కంటైనర్ 50000 నంబరు యూజర్‌గా నడుస్తోంది, ఫోల్డర్ మాత్రం మీదో రూట్‌దో. ఎన్వ్ ఫైల్‌లో ఎయిర్‌ఫ్లో యూఐడీకి మీ సొంత యూజర్ నంబరు ఇచ్చి, ఫోల్డర్ ఓనర్‌ని సరిచేయండి. 777 ఇచ్చేసి చేతులు దులుపుకోకండి, ఆ ఫోల్డర్‌లో ఎవరైనా ఏదైనా రాయగలరు.

అమెజాన్ ఫైల్ స్టోరేజ్ ఎస్3లో 403 వస్తే రెండు అనుమతులు విడివిడిగా చూడండి. జాబితా చూసే అనుమతి బకెట్ (ఫైళ్ళు పెట్టే డబ్బా) మీద ఇవ్వాలి, చదివే అనుమతి లోపలి ఫైళ్ళ మీద. జాబితా అనుమతి లేనివాళ్ళు లేని ఫైల్ అడిగినా "లేదు" అనే 404 రాదు, 403యే వస్తుంది. పాలసీల్లో ఒక పూటంతా వెతికాక తేలింది, మేం ఫైల్ పేరులో తేదీ తప్పు రాశాం. ఫైల్ కేఎంఎస్ (అమెజాన్ కీల సర్వీసు) కీతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే డీక్రిప్ట్ అనుమతి కూడా కావాలి.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో నిన్న చదివిన స్కీమాలో (టేబుల్స్ ఉండే విభాగం) ఈరోజు కొత్త టేబుల్ చదవలేకపోతే, అన్ని టేబుల్స్‌కీ ఇచ్చిన గ్రాంట్ ఆ రోజున్న టేబుల్స్‌కే అని గుర్తుంచుకోండి. రేపు పుట్టేవాటికి డిఫాల్ట్ ప్రివిలేజెస్ మార్చాలి, అదీ టేబుల్ ఎవరు సృష్టిస్తారో ఆ రోల్ పేరు మీద. మీ పేరు మీద మార్చి, డేటా నింపే లోడర్ అకౌంట్ సృష్టించే టేబుల్స్‌కి వర్తిస్తుందనుకుంటే మళ్ళీ మొదటికే వస్తారు.

టాస్క్ బాగానే నడిచి, స్క్రీన్ మీద లాగ్ తెరిస్తే మాత్రమే 403 వస్తోందా? అది డేటా అనుమతి కాదు. వెబ్‌సర్వర్‌లోనూ వర్కర్లలోనూ సీక్రెట్ కీ ఒకటే ఉండాలి, అన్ని మెషిన్ల గడియారాలూ కలవాలి. కీ సరిగ్గానే ఉందంటే ఏదో ఒక మెషిన్ టైమ్ తేడాగా ఉందేమో చూడండి.