రాత్రి ఫోటోలు నేర్చుకుందాం – 5వ పాఠం: లాడ్ బజార్‌లో నలుగురూ కలిసి

గత పాఠంలో ఇంటి వరండాలో ఒకే బల్బు కింద కూర్చున్న మనిషిని తీశాం. ఈసారి వీధిలోకి వెళ్తున్నాం, అదీ నలుగురైదుగురు కలిసి. చోటు హైదరాబాద్ పాతబస్తీ. చార్మినార్ నుంచి పడమరకు సాగే గాజుల వీధి, లాడ్ బజార్. మీ ఊళ్లో ఏ బీసెంట్ రోడ్డో, జగదాంబ కూడలో ఉంటే అక్కడికే వెళ్లండి, పాఠం మారదు.

సూర్యుడు అస్తమించిన ఓ ఇరవై నిమిషాలకు ఆకాశం ముదురు నీలంలోకి దిగుతుంది. ఆ నీలం పావుగంటకు మించి నిలవదు, తర్వాత వచ్చేది ఉత్త నలుపే. మార్చిలో హైదరాబాద్‌లో పొద్దు గుంకేది ఆరున్నరకు అటూ ఇటూగా. అంచేత ఆరింటికే చార్మినార్‌కు ఉత్తరాన ఉన్న పాత ఫౌంటెన్, గుల్జార్ హౌజ్ దగ్గర కలవండి. ‘బయల్దేరా, దారిలో ఉన్నా’ అనేవాళ్ల కోసం ఆకాశం ఆగదు.

గుల్జార్ హౌజ్ చుట్టూ ఉన్న నాలుగు కమాన్లు 1592 నాటివి, అంటే చార్మినార్ కన్నా ఒక్క ఏడాది చిన్నవి. దక్షిణం వైపు కమాను చార్మినార్‌కు చట్రంలా కుదురుతుంది. చార్మినార్ కాళ్ల దగ్గర నిలబడి కెమెరా పైకెత్తితే మీనార్లు లోపలికి వాలిపోయినట్టు వస్తాయి. 48 మీటర్లు దాటిన కట్టడం అది, వెనక్కి నడవడం తప్ప మందు లేదు. గుంపుకు ఒక ట్రైపాడ్ చాలు. ఐఎస్ఓ (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 100, అపర్చర్ (లెన్సు కన్ను; ఎఫ్ అంకె తగ్గితే అది పెద్దదవుతుంది) ఎఫ్/8, షట్టర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం) రెండు నుంచి నాలుగు సెకన్లతో మొదలుపెట్టండి. ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలో పడిన వెలుగు, సరిపోయిందో లేదో తెలియాలంటే ఫోటోను పెద్దది చేసి, 1889లో అమర్చిన గడియారం మీద టైము చదవండి. చదవగలిగితే సరే. తెల్లటి బిళ్లలా కనిపిస్తే షట్టర్ సమయం సగానికి తగ్గించండి. ఒక్కొక్కరికి రెండు ఫోటోలు, అంతే. ఇలాంటివి ఇప్పటికే లక్షల్లో ఉన్నాయి. మన అసలు పని బజార్లో.

ఇక ట్రైపాడ్ మడిచేయండి. ఆ రద్దీలో దాన్ని తెరిచారంటే ముగ్గురు తన్నుకుని పడతారు, నలుగురు తిడతారు.

లాడ్ బజార్లో అడుగుపెట్టగానే కొత్తవాళ్లు చేసే పొరపాటు గాజుల వెంట పడటం. అద్దాలు, రాళ్లు పొదిగిన లక్క గాజుల మీద వెలుగు పడి, కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ బెదిరిపోతుంది, మిగతాదంతా చీకటైపోతుంది. గాజులను కాసేపు వదిలేసి, దుకాణం వెలుగు వీధిలోకి ఎంత దూరం వస్తోందో చూడండి. కొట్టు ముందు నేల మీద ఒక వెలుతురు చాప పరిచినట్టు ఉంటుంది. దాని అంచు ఎక్కడో గుర్తుపట్టండి. ఆ చాప మీదికి వచ్చిన ముఖం వెలుగుతుంది, దాటిన ముఖం ఆరిపోతుంది. దీపానికి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది. కొట్టు లోపల వరసగా దీపాలు ఉంటాయి కాబట్టి లెక్క అంత కచ్చితంగా ఉండదు కానీ, తీరు అదే. ఐఎస్ఓను 1600 నుంచి 6400కు పెంచి బరకతనం తెచ్చుకునే బదులు, మనిషి రెండడుగులు ముందుకొచ్చేదాకా ఆగడం మేలు.

కొట్టుకు ఎదురుగా నిలబడొద్దు. మీకు దొరికేది కొనేవాళ్ల వీపు, దుకాణదారుకు తప్పేది బేరం. పక్కన, రెండు కొట్ల అవతల నిలబడి ఏటవాలుగా చూడండి. గాజు చేతికి పట్టిందో లేదో చూసుకోవడానికి మనిషి దీపం వైపు వంగుతుంది. ముఖం, చెయ్యి, గాజు మూడూ ఒకే వెలుగులోకి వచ్చేది ఆ ఒక్క క్షణమే. నా లెక్కలో ఈ పాఠమంతా ఆ క్షణం కోసమే.

ఇప్పుడు నేను దెబ్బతిన్న సంగతి. మొదటిసారి ఇక్కడికొచ్చినప్పుడు, కదిలే చేతులు కదా అని షట్టర్ 1/250 పెట్టి, చప్పుడు కాకుండా సైలెంట్ మోడ్‌లో నూటికి పైగా తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే ప్రతి ఫోటో మీదా అడ్డంగా నల్లని చారలు, కిటికీ ఊచల్లోంచి తీసినట్టు! కెమెరా పాడైందనుకున్నాను. తప్పు నాదే. మన కరెంటు 50 హెర్ట్జ్. దాంతో నడిచే చౌక ఎల్ఈడీలు, పాత ట్యూబులైట్లు సెకనుకు వంద సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, సెన్సర్‌కు తెలుస్తుంది. 1/250లో ఆ మినుకులో ఒక ముక్కే పడుతుంది. పైగా సైలెంట్ మోడ్‌లో చాలా కెమెరాలు ఫోటోను ఒక అంచు నుంచి వరసలు వరసలుగా చదువుతాయి. కొన్ని వరసలకు వెలుగు, కొన్నింటికి చీకటి. 1/100 పెడితే సరిగ్గా ఒక మినుకు, 1/50 పెడితే రెండు పూర్తిగా పడతాయి, చారలు పోతాయి. కాబట్టి సైలెంట్ మోడ్ ఆపేసి మెకానికల్ షట్టర్, 1/100, అపర్చర్ ఎఫ్/2 దరిదాపుల్లో, ఐఎస్ఓ 1600. బజార్లో ఇదే మన ఇంటి చిరునామా. చేతులు కాస్త చెదిరినా ఫరవాలేదు, గాజులమ్మే చేతులు కదలకుండా ఉంటే అది లాడ్ బజారే కాదు.

రంగుల సంగతి క్లుప్తంగా. ఒక కొట్లో పసుపు బల్బు, పక్క కొట్లో తెల్లటి ఎల్ఈడీ ఉంటాయి. రంగుల్ని తనంతట తానే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ ఫోటోకో మాట చెబుతుంది. దాన్ని 4000 కెల్విన్ దగ్గర కట్టేసి, ‘రా’ (RAW, తర్వాత రంగులు మార్చుకోగల ఫైలు)లో తీసుకోండి. మిగతాది ఇంట్లో.

ఫోన్‌తో తీసేవాళ్లు ముందు లెన్సును నూలు గుడ్డతో తుడవండి. వేలి జిడ్డు ఉంటే ప్రతి దీపానికీ ఒక తోక మొలుస్తుంది. నైట్ మోడ్ చాలా ఫ్రేములను కలిపి ఒకటి చేస్తుంది. గోడలకు, కమాన్లకు అది బాగుంటుంది కానీ నడిచే మనుషుల్ని దెయ్యాల్లా చేస్తుంది. బజార్లో దాన్ని ఆపేయండి. ఫోన్ తెర మీద ముఖం ఉన్నచోట తాకి, వెలుగును కొద్దిగా కిందికి లాగండి.

గుంపు గురించి ఇంకా చెప్పలేదు. ఐదుగురు ఒకే కొట్టు ముందు కెమెరాలెత్తితే తమాషా చూసేది మీరు కాదు, మిమ్మల్నే చూస్తారు. ఇద్దరిద్దరుగా విడిపోండి. ఒకరు తీస్తుంటే రెండోవారు స్కూటర్లను, తోపుడు బండ్లను, భుజాన సంచిని చూసుకోవాలి. పావుగంటకోసారి పని మార్చుకోండి. అడక్కుండా దగ్గరి నుంచి ముఖాలు తీయొద్దు, ముఖ్యంగా ఆడవాళ్లవి. “ఏక్ ఫోటో లేలూఁ క్యా, భాయ్?” అంటే చాలామంది నవ్వుతూ ఒప్పుకుంటారు. “నక్కో” (వద్దు) అంటే నక్కోనే. ఒప్పుకున్నవాళ్లకు తీసింది చూపించండి. వీలైతే ఒక డజను గాజులు కొనండి. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు అది, ఇంట్లోవాళ్లు కూడా కాదనరు. రంజాన్ చివరి పది రోజుల్లో ఇక్కడ అర్ధరాత్రి దాటాక కూడా కాలు పెట్టే చోటుండదు. ఆ రద్దీ మొదటి ప్రయత్నానికి వద్దు, మామూలు రోజు రండి.

ఫోటోలు చూసుకోవడం చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్‌లో. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ ముందు పెట్టుకుని, కెమెరాలు జంటలో మార్చుకోండి. మీ ఫోటోల్లోంచి మూడింటిని మీ జంట ఎంచాలి, మీరు కాదు. ఎందుకు ఎంచారో చెప్పేదాకా మీరు నోరు మెదపకూడదు. ఇది కష్టం. ఐఎస్ఓ కన్నా చాలా కష్టం.

ఇంటిపని: మీ వీధిలో రాత్రి తెరిచి ఉండే ఒక్క కొట్టు ఎంచుకోండి. కిరాణా, ఇస్త్రీ బండి, మందుల షాపు, ఏదైనా సరే. దాని వెలుతురు చాప అంచు దగ్గర అరగంట నిలబడి, పది ఫోటోలకు మించకుండా తీయండి. అన్నీ 1/100లోనే. తర్వాత అదే చోట 1/250లో ఒకటి తీసి రెండూ పక్కపక్కన పెట్టండి. చారలు పడితే ఆ ఫోటో చెరిపేయకండి, ఆరో పాఠంలో దానితో పనుంది.