రోమన్ గాజు సుగంధ తైలపు బుడ్డిని ఇంట్లో భద్రపరచుకునే విధానం

శ్రీకాకుళంలోని మీ ఇంటి అద్దాల బీరువాలో, పెద్దలు ఎప్పుడో విదేశం నుంచి తెచ్చిన పొడవాటి మెడ గల గాజు బుడ్డి ఉండి, దాని మీద నెమలిపింఛపు రంగులు మెరుస్తుంటే, ముందుగా తెలుసుకోవలసినది దానిని కడగరాదన్న సంగతి.

ఆ రంగులు మురికీ కావు, పూతా కావు. గవ్వల సున్నం కలిసిన సముద్రపు ఇసుకను నేట్రాన్ అనే సోడా ఖనిజంతో కరిగించి చేసిన ఆ గాజు శతాబ్దాలపాటు తడిమట్టిలో ఉన్నప్పుడు, దానిలోని క్షారం కొద్దికొద్దిగా నీటిలోకి పోగా, మిగిలిన పైభాగం ఉల్లిపొరల్లాగా విడిపోతుంది. ఆ పొరల మీద వెలుతురు పడి వెనుదిరిగేటప్పుడు ఆ వన్నెలు పుడతాయి. అందువల్ల పొందూరు సన్నఖాదీ ఎంత మెత్తనిదైనా దానితో తుడవరాదు, ఒక్క పోగు పొర అంచుకు తగులుకున్నా అది ఊడివస్తుంది. ధూళి ఉంటే, పొరలు పైకి లేవకుండా ఉన్న చోట మాత్రమే చిత్రకారుల మెత్తని కుంచెతో తేలికగా దులపాలి.

బుడ్డి నిజంగా పాతదేనా అన్నది మెరుపును బట్టి తేల్చరాదు, ఎందుకంటే ఆమ్లాలతో ఆ మెరుపును కృత్రిమంగానూ తెప్పిస్తారు. గాజును గొట్టంతో ఊదే పద్ధతి క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో సిరియా, పాలస్తీనా తీరంలో మొదలైంది కాబట్టి, ఊదిన బుడ్డి అంతకన్నా పాతదని చెబితే నమ్మనవసరం లేదు. మూతి అంచు వరకు నిలువుగా అతుకు గీత సాగితే అది యంత్రం చేసినది. చేత్తో ఊదినదానిలో మెడ దగ్గరి బుడగలు పొడవుగా సాగి ఉంటాయి. వీటిని కన్నీటి బుడ్లని అమ్మేవారున్నారు గాని, ఇవి పరిమళ తైలాలకు, లేపనాలకు వాడినవి. చనిపోయినవారితోపాటు సమాధుల్లో ఉంచడం వల్లనే ఇన్ని మిగిలాయి.

మన తీరప్రాంతపు తేమ ఈ గాజుకు పెద్ద శత్రువు. గాలి చొరని ప్లాస్టిక్ పెట్టెలో తేమను పీల్చుకునే సిలికా జెల్ పొట్లాలు వేసి, తేమను 40 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉంచాలి; తేమ కొలిచే చిన్న మీటరును లోపలే పెట్టుకోవాలి, ఎందుకంటే మరీ ఎండబెట్టినా పొరలు చిట్లుతాయి. చెక్క బీరువా నుంచి వెలువడే ఆమ్లపు ఆవిర్లు గాజును తినివేస్తాయి గనుక ఆ పెట్టె చెక్కది కారాదు. బుడ్డిని మెడ పట్టుకొని ఎత్తకుండా, అడుగున అరచేయి ఆనించి రెండు చేతులతో తీయాలి. విరిగిన ముక్కలను బజారు జిగురుతో అతికించకుండా, విడివిడిగా మెత్తని కాగితంలో చుట్టి, అతికించే పనిని గాజు సంరక్షణ తెలిసిన నిపుణులకే అప్పగించాలి.